గడ్డం కింద మడత

బుధవారం గడ్డం మొండిది. సోమవారం గీసుకున్న తర్వాత మంగళవారం కత్తి ముట్టుకోడు కాబట్టి, బుధవారం తెల్లారేసరికి అది రెండు దినాల గరుకై ఉంటుంది. మల్లప్ప తువ్వాలును మరొకసారి వేడినీళ్ళలో ముంచి, పిండి, ముఖానికి చుట్టుకుని, పెనుకొండలోని తన ఇంటి వెనక బట్టలుతికే బండ మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. తువ్వాలు లోపల తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతోంది. వంటింట్లో ఆదిలక్ష్మమ్మ చిత్రాన్నానికి తాలింపు వేస్తున్న చప్పుడు వినబడుతోంది.

తువ్వాలు తీసి ట్యూబు అందుకున్నాడు. అడుగు నుంచి చుట్టుకుంటూ వచ్చిన ట్యూబు బొటనవేలంత మిగిలింది. కత్తెరతో నిలువునా చీల్చి, లోపల అంటుకున్న క్రీమును చూపుడువేలితో తుడిచి తీశాడు. అది బ్రష్షు అక్కర్లేని క్రీము. నురగ రాదు. వెన్నలా చల్లగా, కాస్త బరువుగా ఉంటుంది. ముఖం తడి ఆరకముందే దాన్ని కింది నుంచి పైకి, వెంట్రుకకు ఎదురుగా రుద్దాలి. అప్పుడు ఒక్కొక్క వెంట్రుకా లేచి నిలబడుతుంది. రుద్దిన వెంటనే కత్తి పెట్టకూడదు. స్వామి పేరు నూటెనిమిది సార్లు అనుకునేంతసేపు ఆగాలి. అంతలో వెంట్రుక మెత్తబడుతుంది. తొందరపడినవాడికి తెగేది చర్మమే.

ఐదు దినాలుగా ఈ లెక్క మధ్యలో తప్పిపోతోంది. అరవై దాకా వస్తుంది, మారెమ్మ ముఖం గుర్తొస్తుంది, ఆగిపోతుంది. ఈ రోజు కూడా అరవై దగ్గర ఆగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

చెంపలు, మీసం పైన, పెదవి కింద అయ్యాక తల వెనక్కి వాల్చి గడ్డం కిందికి వచ్చాడు. అసలు పని అక్కడ. అతని గడ్డం కింద ఎడమవైపు వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. ఆ సుడి ఎటు తిరిగితే కత్తి అటు తిరగాలి. ఎదురు గీస్తే ఆ పూటకు నున్నగానే ఉంటుంది, మర్నాటికి పొక్కులు లేస్తాయి. ముప్పై ఏడేళ్ళుగా ఆ సుడి అతనికి ఇంటి సందులాగా తెలుసు. చన్నీళ్ళతో కడుక్కుని, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో రెండుసార్లు తుడుచుకున్నాడు. క్రీము జిడ్డు చర్మం మీద కాస్త నిలుస్తుంది. అది పోవాలి.

చివరగా, గోడ మేకుకు వేలాడుతున్న పచ్చిపట్టు గుచ్ఛం నుంచి ఒక పోగు లాగి, దాని రెండు కొసలూ పట్టుకుని గడ్డం కింద అటూ ఇటూ లాగాడు. పోగు ఎక్కడా తట్టుకోకుండా జారింది. పని అయినట్టు.

"ఇంకా ఎంతసేపయ్యో. పెండ్లికొడుకు కూడా ఇంతసేపు కూచోడు. బండి పోతాది," అంది ఆదిలక్ష్మమ్మ లోపలి నుంచే.

"వస్తాండా."

ఏ మగవాడికైనా ఇంత గడ్డం పని వింతగానే ఉంటుంది. మల్లప్పకు మాత్రం గడ్డం పనిముట్టు. ధర్మవరంలో రంగయ్య శెట్టి పట్టుచీరల అంగడిలో అతను చీరలు మడత పెడతాడు. కొనేవాళ్ళు ఒక చీర కొనడానికి నలభై చీరలు విప్పిస్తారు. వాళ్ళు లేచి వెళ్ళాక పరుపు మీద ఆ నలభై చీరలూ కుప్పగా పడి ఉంటాయి. మల్లప్ప నిలబడి ఒక్కొక్క చీర నడుమ భాగాన్ని గడ్డం కింద అదిమి పట్టి, రెండు చేతులూ చాచి అంచులు కలిపి, జరీ విరగకుండా పాత మడతలోకే దించుతాడు. అంచుకు అంచు, కొంగుకు కొంగు. చూసేవాళ్ళకు పక్షి రెక్కలు ముడుచుకున్నట్టు ఉంటుంది. కానీ గడ్డం మీద ఒక్క గరుకు వెంట్రుక ఉన్నా పట్టు పోగు లేస్తుంది. లేచిన పోగు మళ్ళీ పడుకోదు.

అందుకే ఇన్ని చూసుకోవడం. మొదట్లో సబ్బు, బ్రష్షు వాడేవాడు. చర్మం ఎండి పొట్టు రాలి నల్లచీర మీద తెల్లగా పడింది. నురగ క్రీము వాడితే చీరకు మంగలి అంగడి వాసన వచ్చిందని ఒకావిడ ముక్కు మూసుకుంది. పటిక రుద్దితే పొడి, కొబ్బరినూనె రాస్తే మరక. చివరికి ఈ బ్రష్షు లేని క్రీము కుదిరింది. కుదిరి పన్నెండేళ్ళయింది.

టిఫిన్ డబ్బా చేతికిస్తూ ఆదిలక్ష్మమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఐదు దినాల్నుంచి డబ్బాలో అన్నం సగం అట్లే తెస్తాండావు. నా వంట మారిందా, నీ నాలుక మారిందా?"

"ఎండకు ఆకలి ల్యా."

"ఎండ కొత్తగా వచ్చిందా మనూరికి," అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు నమ్మకం కుదరలేదని నడకలోనే తెలిసింది.

ప్యాసింజరు బండిలో కిటికీ పక్కన సీటు దొరికింది. మల్లప్ప డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి పోతున్న కొండను, ఎండిన వేరుశనగ చేలను చూస్తున్నాడు గానీ, కళ్ళ ముందు ఉన్నది వంకాయ రంగు చీర.

పోయిన వారం మంగళవారం అది. ఆంజనేయస్వామి దినం. మంగళవారం కత్తి పట్టకూడదన్న నియమం అతని ఇంట్లోనూ ఉంది, రంగయ్య శెట్టి ఇంట్లోనూ ఉంది. అందుకని ఆ ఒక్కరోజు మల్లప్ప మెత్తటి మల్లుగుడ్డను గడ్డం కింద నుంచి తల మీదికి కట్టుకుని మడతలు పెడతాడు. అంగట్లో పిల్లలు దానికి పంటినొప్పి గుడ్డ అని పేరు పెట్టారు. ఆ రోజు హిందూపురం నుంచి పెళ్ళివాళ్ళు పద్నాలుగు మంది దిగారు. ఉక్కపోతకు గుడ్డ తడిసి ముద్దయింది. విప్పి ఆరేశాడు. అంతలో పెళ్ళివాళ్ళు బండికి టైమైందని లేచారు. "ఆ వంకాయ రంగుది తొందరగా కట్టియ్యండి" అన్నారు. మల్లప్ప చేతులు అలవాటుగా లేచాయి. చీర నడుమ అలవాటుగా గడ్డం కిందికి పోయింది. కిందికి లాగినప్పుడు చిర్రుమని సన్నగా తగిలింది. చెవికి కాదు, చర్మానికి.

విప్పి చూసి ఉండవచ్చు. చూడలేదు. మడత పెట్టి సంచిలో వేసి ఇచ్చాడు.

శుక్రవారం వాళ్ళు చీర వెనక్కి తెచ్చారు. నడుమ మడతలో నిమ్మకాయంత మేర పోగులు లేచి నిలబడి ఉన్నాయి. రంగయ్య శెట్టి కొడుకు శివప్రసాద్ దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "నేత వదులు," అన్నాడు. చీటీ చూశాడు. నేసింది తాడిమర్రి మారెమ్మ. శనివారం ఆమె కొత్త వార్పు, మగ్గానికి ఎక్కించే పడుగు పట్టు చుట్ట, తీసుకోవడానికి వస్తే, ఇక నీకు వార్పు లేదన్నాడు.

మారెమ్మ అరవలేదు. "పదైదేండ్ల నుంచి మీకు నేస్తాండా. నా చేతిలో పోగు లేసిందని ఎవరన్నా అన్న్యారా?" అని అంగట్లో అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మల్లప్ప ముఖమూ చూసింది. మల్లప్ప చేతిలో ఉన్న చీర మడత పెడుతూనే ఉన్నాడు.

ఆమెకు మగ్గమే ఆధారం. భర్త పోయాక ఆమే కూతురూ గుంత మగ్గంలో వంతులవారీగా కూర్చుంటారు. మరో షావుకారు, ఒకరు నిలిపేసిన మనిషికి వార్పు ఇవ్వడు. ఇదంతా మల్లప్పకు తెలుసు. కానీ శివప్రసాద్ పోయిన నెలలో పొడుగాటి బల్ల చేయించాడని, ఇద్దరు ఆడపిల్లలకు దాని మీద మడత నేర్పిస్తున్నాడని కూడా తెలుసు. "ఇంకెన్నాళ్ళు మల్లప్పా ఈ గడ్డం పని," అని నవ్వుతూ రెండుసార్లు అన్నాడు. యాభై తొమ్మిదేళ్ళ మనిషికి గడ్డం కింద మడత పెట్టడం తప్ప మరో పని రాదు. నోరు తెరిస్తే తను బయటికి. తెరవకపోతే ఆమె బయటికి. మంగళవారం కత్తి పట్టకపోవడం పుణ్యమైతే, శనివారం నోరు మూసుకోవడం ఏమవుతుంది? ఆ ప్రశ్నను స్వామి పటం ముందు నాలుగుసార్లు అడిగాడు. పటం ఏమీ అనలేదు. అది జవాబు కాదని అనుకోవడానికీ ధైర్యం చాలలేదు.

ధర్మవరంలో దిగి, స్టేషను దారిలో డేవిడ్ ఫ్యాన్సీ స్టోరు దగ్గర ఆగాడు.

"ఏం మల్లన్నా, అయిపోయిందా?" అంటూ డేవిడ్, మల్లప్ప అడక్కుండానే మూడు నాలుగు రకాలు గాజు బల్ల మీద పెట్టాడు. "ఈ డబ్బా సూడు. నెత్తిన వత్తితే సాలు, కోడిగుడ్డంత నురగొస్తాది. పిల్లోల్లంతా ఇదే."

"నురగలో ఏముంటాదప్పా, గాలి." మల్లప్ప ఒక ట్యూబు మూత తీసి వాసన చూశాడు. "ఇది నిమ్మకాయ వాసన."

"బాగుండాది గదా?"

"నాకు బాగుంటాది. చీరకు బాగుండదు."

"ఇది సూడు. రాస్తే సల్లగా ఐసు పెట్టినట్లుంటాది."

"మా శెట్టి పెద్దాయనకూ నేనే గీసేది. ఇది రాస్తే ఆయనకు కండ్లలో నీళ్ళు కార్తాయి."

మరో ట్యూబులోంచి మినపగింజంత ముంజేతి మీద వేసుకుని రుద్దాడు. కాసేపు ఆగి, వేలితో తుడిచి, ఆ వేలిని పాత పేపరు మీద నొక్కి, పేపరును వెలుతురుకు ఎత్తి చూశాడు. నూనె చుక్కలా మెరిసింది. పక్కన పెట్టేశాడు. ఇంకొకటి రుద్దాడు, తుడిచాడు, నొక్కాడు. మెరవలేదు. వాసన లేదు. రంగు లేదు. చర్మం లాగినట్టు లేదు.

డేవిడ్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "నా అంగట్లో ఇన్ని పరీచ్చలు పెట్టేది నువ్వొక్కడివే మల్లన్నా. పెండ్లికూతుర్ని సూసేటప్పుడు పెట్టినావా ఇన్ని?"

"అప్పుడు పెట్టింది ఆమె."

డేవిడ్ నవ్వుతూ ట్యూబును కాగితంలో చుట్టి ఇచ్చాడు.

పదకొండు దాటాక అంగడి కాస్త పలచబడింది. బుధవారం, ఆదివారం ఆ వేళకు మల్లప్ప పై అంతస్తుకు వెళ్ళి రంగయ్య శెట్టికి గడ్డం గీస్తాడు. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. ఏడాదిగా మంచం మీదే. వాడుకగా వచ్చే మంగలి కుళ్ళాయప్పకు చూపు మందగించింది. ఇంకొకరు వచ్చి బ్రష్షుతో నురగ పట్టిస్తే అది ముక్కులోకి పోయి పెద్దాయనకు దగ్గు ఆగలేదు. అప్పుడు మల్లప్ప తన క్రీము తీసుకుని పైకి వెళ్ళాడు. అలా అది కూడా అతని పనే అయింది.

కోడలు లలిత తలుపు తీసింది.

"ఈ పొద్దు రెండు ముద్దలు కూడా తినలేదు మల్లప్పా. డాక్టరు ఇంక ఆస్పత్రి చుట్టూ తిప్పొద్దన్నాడు," అని మెల్లగా చెప్పి, వేడినీళ్ళ చెంబు అతనికి ఇచ్చి, పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. పోయిన ఆదివారం ఆమె అక్కడే కూర్చుంది. ఈ రోజు లేదు. మల్లప్ప చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

కిటికీ పక్క మంచం మీద రంగయ్య శెట్టి చిన్నపిల్లవాడంత అయి పడుకుని ఉన్నాడు. చెంపలు లోపలికి గుంటలు పడ్డాయి.

"పెద్దయ్యా, నేను మల్లప్పను."

"కాళ్ళ సప్పుడుకే తెలిసిందిలే."

మల్లప్ప పళ్ళ సెట్టు కడిగి ఆయన నోట్లో పెట్టాడు. పళ్ళు పెడితేనే చెంపలు నిండుతాయి, చర్మం కత్తికి బిగువుగా నిలుస్తుంది. పళ్ళు లేకుండా గీయబోతే మడతల్లో కత్తి చిక్కుతుంది. తర్వాత గోరువెచ్చని గుడ్డ పరిచాడు. కొత్త ట్యూబు మూత తీసి, క్రీమును ముందు తన అరచేతిలో రుద్ది వెచ్చబరచి, అప్పుడు ఆయన ముఖానికి రాశాడు. కాగితంలాంటి చర్మం. వేళ్ళ కింద దవడ ఎముక తెలుస్తోంది. నాలుగు వేళ్ళతో చెంపను చెవి వైపు లాగి పట్టి, బరువు పెట్టకుండా, కత్తిని దాని బరువుకే వదిలాడు. తెల్లటి క్రీముతో పాటు తెల్లటి వెంట్రుకలు వచ్చాయి. ఒక్క చుక్క రక్తం రాలేదు.

పై పెదవికి, కింది పెదవికి క్రీము రాశాక పెద్దాయన నోరు కదపకూడదు. మల్లప్ప కత్తి పక్కన పెట్టాడు.

"పెద్దయ్యా, ఒక మాట చెప్పల్ల. మీరు ఇప్పుడు మాట్లాడొద్దు. నేను చెప్పేది అయ్యేదాకా."

రంగయ్య శెట్టి కళ్ళు తెరిచాడు. మల్లప్ప ఆ కళ్ళలోకి చూడకుండా, నీళ్ళ చెంబును చూస్తూ మొదలుపెట్టాడు. హిందూపురం పెళ్ళివాళ్ళ సంగతి, తడిసిన గుడ్డ సంగతి, చిర్రుమని తగిలిన సంగతి, తెలిసీ విప్పి చూడని సంగతి. శనివారం మారెమ్మ తన ముఖం చూసినప్పుడు చీర మడత పెడుతూ ఉన్న సంగతి. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఐదు దినాలు మోసింది అయిదు నిమిషాల్లో అయిపోయింది.

పెద్దాయన పెదవుల మీది క్రీము వైపు వేలు చూపించాడు. మల్లప్ప కత్తి అందుకుని, ఆ కొంచెమూ గీసి, తడిగుడ్డతో తుడిచాడు.

"శివను పిలువు. ఆ చీర తీసుకోని రమ్మను."

శివప్రసాద్ వచ్చాడు. వంకాయ రంగు చీరను తండ్రి పొట్ట మీద విప్పి పరిచారు. రంగయ్య శెట్టికి చూపు సరిగా లేదు. వేళ్ళతో అంచు నుంచి తడుముకుంటూ నడుమ దాకా వచ్చాడు. పోగులు లేచిన చోట చూపుడువేలు ఆగింది. మెల్లగా చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది.

"శివా. మగ్గం మీద తప్పు ఎట్ల పోతాదిరా?"

"ఎట్లంటే?"

"పడుగులో తప్పుంటే నిలువునా పోతాది. పేకలో తప్పుంటే అడ్డంగా పోతాది. గుండ్రంగా యా మగ్గం పోతాది, నాకు సూపి."

శివప్రసాద్ వంగి చూశాడు.

"నిమ్మకాయంత గుండ్రం. సరిగ్గా నడుమ. ఇది గడ్డంరా. ఇరవై ఏండ్లు గల్లాపెట్టె కాడ కూచున్యావు, ఇది తెలిసుండల్ల నీకు."

శివప్రసాద్ మల్లప్ప వైపు తిరిగాడు. "నువ్వా?"

"నేనే చిన్నయ్యా. ఆ పొద్దే తెలుసు."

"తెలిసి, ఆయమ్మను పంపిస్తాంటే నిలబడి సూసినావా?"

"బయపడినా."

ఫ్యాను గాలికి చీర కొంగు లేస్తే శివప్రసాద్ దాన్ని అదిమి పట్టాడు. రంగయ్య శెట్టి ఊపిరి కూడదీసుకుని అన్నాడు. "ఈయప్ప ఇప్పుడన్నా చెప్పినాడు. నా తప్పూ ఉండాది దాంట్లో. మంగళవారం గీసుకోవద్దని చెప్పింది నేను. గుడ్డ కట్టుకోమని చెప్పింది నేను. వారం మనం పెట్టుకున్నది. పట్టుకు వారం తెలుస్తాదా? దేవుడికి తెలుస్తాదో ల్యాదో, ఆడికి పోయినాక అడుగుతా." కాస్త ఆగాడు. "మారెమ్మకు ఫోన్ చెయ్యి. నా ముందర చెయ్యి."

శివప్రసాద్ ఫోను తీశాడు. "మారెమ్మా, నేను శివప్రసాద్ను. వార్పు తీసుకోను రా... అవును, ఈ పొద్దే. తప్పు నీది కాదు." తండ్రి వైపు చూశాడు. "మాది."

"ఏమంది?"

"బస్సెక్కుతాండానంది."

రంగయ్య శెట్టి తల ఆడించాడు. "ఇంగ ఈయప్ప గడ్డానికి పింఛను. రేపట్నుంచి బల్ల మీద మడత పెట్టనీ. మనిషిని మాత్రం పంపొద్దు. చీర నడుమ యాడుందో నీ బల్లకు తెలీదు, ఈయప్పకు తెలుసు."

శివప్రసాద్ చీరను చేతుల్లోకి తీసుకున్నాడు. కోపం ముఖంలో ఇంకా ఉంది, కానీ దానికి కూర్చునే చోటు లేనట్టుంది. "రెండో దినమే చెప్పింటే నేను ఆయమ్మతో మాట పడేవాణ్ణి కాదు కదప్పా," అన్నాడు. ఆ తర్వాత, "ఆ ఆడపిల్లలిద్దరికీ అంచు కలపడం రావడం ల్యా. నువ్వే నేర్పియ్యి," అని కిందికి వెళ్ళాడు.

"తీయప్పా ఇంగ," అన్నాడు పెద్దాయన నోరు తెరిచి. "మాట్లాడేది అయిపోయింది."

మల్లప్ప పళ్ళ సెట్టు తీసి, బ్రష్షుతో తోమి, స్టీలు గ్లాసులో మంచినీళ్ళు పోసి అందులో వేసి, కిటికీ గట్టు మీద పెట్టాడు. పెద్దాయన తన చెంపను అరచేత్తో ఒకసారి నిమురుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మల్లప్ప డబ్బాలో ఒక్క మెతుకు మిగల్చలేదు. బల్ల మీద మడత నేర్చుకుంటున్న పిల్లల్లో ఒకతె, భారతి, పక్కన కూర్చుని తన ఊరగాయ ముక్క ఇస్తే అదీ తిన్నాడు. మెతుకు మెతుకుకూ రుచి తెలిసింది. కొరికిన పచ్చిమిరపకాయకు కళ్ళలో నీళ్ళొస్తే, మరో ముద్ద పెట్టుకున్నాడు.

మూడున్నరకు మారెమ్మ వచ్చింది. సంచి చంకలో పెట్టుకుని, చెప్పులు మెట్ల కింద విడిచి, ఎవరినీ పలకరించకుండా నిలబడింది. మల్లప్ప లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కాబట్టి చివరి మాట ముందు చెప్పాడు.

"అది నీ నేత కాదమ్మా, నా గడ్డం. నాకు తెలుసు. ఆ పొద్దు చెప్పలా."

మారెమ్మ చాలాసేపు అతని గడ్డాన్నే చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె ఏమంటుందో అని చూస్తున్నారు.

"ఐదు దినాల్నుంచి నా మగ్గం గుంతలో కోడి పొదుగుతాంది," అంది. "నా బిడ్డ అదే నయమంటాంది. పిల్లలన్నా అయితాయంట."

ఎవరో నవ్వారు. మారెమ్మ నవ్వలేదు.

"రాత్రుల్లో చెయ్యి ఆడించి ఆడించి సూసుకున్న్యా. నిజంగానే నా చెయ్యి వదులైందేమో, వయసొచ్చిందేమోనని. అది పోయిందిలే ఇప్పుడు." సంచి తెరిచి పట్టుకుంది. "నీ గడ్డం కాలిపోనూ. వార్పు ఏదీ, తే. ఐదింటి బస్సు పోతే నువ్వు మోసకపోతావా తాడిమర్రికి?"

మల్లప్ప వార్పు చుట్టను రెండు చేతులతో తెచ్చి ఆమె సంచిలో దించాడు. దాన్ని అతను ఎప్పుడూ మోయలేదు. అది అంత బరువుంటుందని అతనికి తెలియదు. ఆమె దాన్ని ఒక్క చేత్తో భుజానికి ఎత్తుకుంది. "సద్ది తిన్యావా?" అని అడిగింది, వెళ్ళిపోతూ, వెనక్కి చూడకుండా. తిన్నానని అతను చెప్పేలోపే మెట్లు దిగింది.

నాలుగుంపావుకు లలిత మెట్ల మీద కనబడింది. చేతిలో కాఫీ గ్లాసు ఉంది. నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది. భర్తను పేరు పెట్టి పిలవని మనిషి, ఆ రోజు "శివా" అని పిలిచింది. అంతే. శివప్రసాద్ లేచి పైకి వెళ్ళాడు. అంగట్లో చీర చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చీర మడిచి పరుపు మీద పెట్టి, చెప్పులు వేసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే భారతి షట్టరు సగం దించింది.

మల్లప్ప పైకి వెళ్ళేసరికి పెద్దాయన గోడ వైపు తిరిగే ఉన్నాడు. చెయ్యి చెంప కింద పెట్టుకున్నాడు. దుప్పటి చెదరలేదు. నిద్రలోనే పోయాడని చూస్తేనే తెలుస్తోంది. శివప్రసాద్ మంచం పక్కన కింద కూర్చుని తండ్రి పాదం పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి తల ఎత్తాడు.

"కుళ్ళాయప్పకు చెప్పి పంపల్లనా, ముఖం గీసేకి?" అని అడిగింది లలిత.

శివప్రసాద్ లేచి తండ్రిని వెల్లకిలా తిప్పాడు. వేళ్ళ వెనక వైపుతో ఆయన చెంపను, గడ్డం కిందా నిమిరాడు. "అక్కర్లేదు," అన్నాడు. "నున్నగా ఉండాది."

మల్లప్పకు దుఃఖం వచ్చింది. తలుపు పట్టుకుని ఏడ్చాడు. అయితే ఆ ఏడుపు కింద, బావి అడుగున చల్లటి నీళ్ళలా, మరొకటి ఉంది. చెప్పవలసింది చెప్పాడు. వినవలసినవాడు విన్నాడు. ఆదివారం దాకా ఆగి ఉంటే? ఆ ఆలోచనను అక్కడే వదిలి, స్వామి పేరు అనుకున్నాడు. అరవై దాటి, డెబ్బై దాటి, ఎక్కడా తప్పకుండా నూటెనిమిది దాకా వెళ్ళింది.

బంధువులు రావడం మొదలైంది. పెద్దాయనను కిందికి దించడానికి నలుగురు చేతులు వేశారు. మల్లప్ప తల వైపు పట్టుకున్నాడు. చీరలాగే, నడుమ ఎక్కడుందో చూసుకుని, ఎక్కడా ముడత పడకుండా దించారు. అందరూ ఆయన వెంట దిగిపోయాక గది ఖాళీ అయింది. ఫ్యాను ఎవరూ ఆపలేదు. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసులో, సాయంకాలం వెలుతురు పడిన నీళ్ళ అడుగున, తోమి పెట్టిన పళ్ళ సెట్టు తెల్లగా ఉంది.